ఉత్త నీళ్ళ బాటిల్

అత్త పోయిందన్న కబురు ల్యాబ్ ఫోనుకే వచ్చింది. పొద్దుటి టీ అయిపోయి అందరం పనిలో పడ్డాం. నేను బ్యూరెట్ దగ్గర నిలబడి ఎవరిదో బోరునీటి కాఠిన్యం చూస్తున్నాను. ఫోనెత్తింది మా సార్, అంటే ల్యాబ్ యజమాని. గాజుతలుపు అవతల ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకోవడం కనిపించింది. లోపలికొచ్చి "మేడమ్ నహీ రహీ" అన్నాడు, మేడమ్ ఇక లేరని. నేను తల ఊపి ఇంకో చుక్క వదిలాను. ఫ్లాస్కులో ఎరుపు నీలానికి తిరిగింది. రీడింగ్ చదివాను, రాశాను, ఫ్లాస్కు కడిగాను, అదే నీటిని మళ్ళీ కొలిచి రెండోసారి మొదలుపెట్టాను. ఒక్కసారి చేసి వదిలేస్తే అత్త ఊరుకోదు.

రెండో రీడింగ్ కూడా రాసి, కోటు విప్పి కొక్కేనికి తగిలించి, అప్పుడు మా ఇళ్ళుండే రిసాలికి బయలుదేరాను. దారిలో ఏడవాలని ప్రయత్నించాను కూడా. రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరి పట్టినట్టుంది, అంతే. మన భిలాయి తెలుగు సంఘం పత్రికకి ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమని అడిగినప్పుడు, "ఏం రాయను, నాకేమీ అనిపించడం లేదు" అనేశాను. అన్నాక అత్త మాటే గుర్తొచ్చింది. రిపోర్టులో ఏ గడీ ఖాళీగా ఉండనిచ్చేది కాదు. "ఏటీ లేకపోతే ఏటీ లేదని రాయాల. ఊరికే వదిలీసేవనుకో, నువ్వు చూసేవో లేదో ఎవుడికి తెలుస్తాది?" అనేది. అందుకని రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆవిడ చర్చిలో పాటల పుస్తకాలు పంచే మనిషిగా తెలుసు. నాకు గోడ అవతలి అత్త. చుట్టం కాదు. మావాళ్ళది శ్రీకాకుళం వైపు, వాళ్ళది విజయనగరం వైపు. వాళ్ళు క్రైస్తవులు, మేం కాదు. మా నాన్నా వాళ్ళాయనా స్టీల్ ప్లాంటులో ఒకే మిల్లులో పనిచేశారు కనుక ఆయన మావయ్య, ఆవిడ అత్త. భిలాయిలో పుట్టిన అందరిలాగే నాకూ తెలుగు కన్నా హిందీ ముందొచ్చింది. ఉన్న తెలుగులో సగం అత్త వంటింటి గుమ్మం మీద కూర్చుని నేర్చుకున్నదే.

అత్త పనిచేసింది ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో. నీళ్ళు, గాలి, చిమ్నీ పొగ పరీక్ష చేసి రిపోర్టులిస్తాం. ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైన కొత్తలో, భోపాల్ వెళ్ళాల్సిన కాగితాలు రాయ్‌పూర్ వెళ్ళడం మొదలయ్యాక, మా చుట్టుపక్కల ఇలాంటివి కొన్ని పుట్టుకొచ్చాయి. అందులో అత్త ఉద్యోగం పరీక్షలు చేయడం కాదు. మేం చేసిన పరీక్షలు నమ్మొచ్చో లేదో చూడడం. మేం కడిగింది మళ్ళీ కడిగించడం, తూచింది మళ్ళీ తూయించడం, కూడింది మళ్ళీ కూడించడం. అత్తగారి ఆరళ్ళు అంటారే, నాకు పెళ్ళి కాకుండానే అవి పూర్తిగా తెలిసిపోయాయి.

ఆ బుద్ధి ఉద్యోగంతో వచ్చింది కాదు. నా చిన్నప్పుడు మా వీధిలో ఆడవాళ్ళందరూ కలిసి పాలలో నీళ్ళు పట్టుకునే లాక్టోమీటర్ ఒకటి కొన్నారు. మొదటిరోజే పాలవాడు దొరికిపోయాడు. వీధి వీధంతా అతని మీద పడి అరుస్తుంటే అత్త బయటికొచ్చింది. ఆ లాక్టోమీటర్ తీసుకుని గిన్నెడు మంచినీళ్ళలో వేసింది. అది సున్నా దగ్గర నిలబడాలి. నిలబడలేదు.

"ఉత్త నీళ్ళనే సరిగా చెప్పలేకపోతన్నాది. దీని మాట పట్టుకొని మనిషిని దొంగంటారేటి?" అంది.

మా అమ్మకి కోపం వచ్చింది. పాలవాడు మాత్రం అత్త ఇంటి ముందు కాస్త ఎక్కువే పోయడం మొదలుపెట్టాడు. ఆవిడ దానికీ ఒప్పుకోలేదు, కొలత ప్రకారమే పొయ్యమంది. అంత మొండి మనిషి.

నేను కెమిస్ట్రీ చదివి అదే ల్యాబ్‌లో చేరడం కూడా అత్త వల్లనే. వీధిలో "నువ్వు", ల్యాబ్‌లో "మీరు" అనాలని ముందే చెప్పింది. చేరిన కొత్తలో ఒకరోజు నా ముందున్న బాటిళ్ళలో ఒకదాన్ని తనే కలిపి, మిగతావాటిలాగే నంబరు వేసి, వాటి మధ్య పెట్టేసింది. అందులో ఏది ఎంత ఉందో ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. నాకు సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత విషయం తెలిసి ఒళ్ళు మండింది.

"నన్ను నమ్మరా?" అన్నాను.

"నిన్ను నమ్మేనమ్మా. నీ నంబర్నే నమ్మలేదు. ఇప్పుడు దాన్నీ నమ్మేను. కోపం దేనికి?"

నాలుగు రోజులు మాట్లాడలేదు నేను. ఆవిడ పట్టించుకోనే లేదు. ఐదోరోజు టిఫిన్ డబ్బాలో నాకిష్టమైన చేపల పులుసు తెచ్చి బల్ల మీద పెట్టి, "తిన్నాక చేతులు సబ్బుతో కడుక్కో, లేపోతే ఇయాల నీ నమూనాల్లో ఉప్పే ఉంటాది" అని వెళ్ళిపోయింది. నవ్వొచ్చేసింది. ఇంకోటి కూడా అనేది, ఇది మాత్రం నేను మర్చిపోను: "నీకు నచ్చిన నంబరొస్తే ఇంకోసారి చెయ్యి. నచ్చందైతే ఎలాగూ చేస్తావు."

ఇక బాటిల్ సంగతి చెప్పాలి. ఇది చెప్పకపోతే మీకు అత్త అర్థం కాదు.

బయట ఎక్కడైనా నీళ్ళు పట్టుకు రావడానికి వెళ్ళినప్పుడు, ల్యాబ్‌లోని శుద్ధమైన నీళ్ళు ఒక బాటిల్ నింపి వెంట తీసుకెళ్ళాలి. నమూనా పట్టేచోట దాని మూత తీసి, అక్కడి గాలి తగలనిచ్చి, మిగతా బాటిళ్ళలో నీళ్ళు పాడవకుండా వేసే యాసిడ్ చుక్కలే దీంట్లోనూ వేసి, మూత పెట్టి వెనక్కి తేవాలి. అన్నిటితో పాటే దాన్నీ పరీక్ష చేయాలి. అందులో ఏమీ రాకూడదు. వచ్చిందంటే అది ఆ ఊరి నీళ్ళది కాదు, మన దగ్గరనుంచి వచ్చింది. కాగితాల్లో దాన్ని బ్లాంక్ అంటారు. అత్త "ఉత్త నీళ్ళ బాటిల్" అనేది.

చాలా ల్యాబ్‌లలో ఈ బాటిల్ ఊరు కదలదు. కాగితం మీద మాత్రం ప్రయాణం చేస్తుంది. మా ల్యాబ్‌లో అది జీపు ముందు సీట్లో, అత్త ఒళ్ళో వెళ్ళేది. జీపు నడిపేదీ, మాతో నమూనాలు పట్టేదీ ల్యాబ్ అటెండరే. ఛత్తీస్‌గఢ్ మనిషి, అత్త కన్నా కాస్త పెద్ద, మేమంతా భయ్యా అంటాం. ఆయన అత్తని ఏడిపించేవాడు: "దీదీ, ఇస్‌కో భీ ఖిడ్కీ వాలీ సీట్ చాహియే క్యా?" దీనిక్కూడా కిటికీ సీటు కావాలా అని. "చాహియే" అని అత్త సీరియస్‌గా జవాబిచ్చేది.

పంపు దగ్గర ఆ మూత తీశాక అత్త పక్కన ఎవరూ మాట్లాడకూడదు, బీడీ కాల్చకూడదు, దుమ్ము రేపకూడదు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళని పక్కకి జరగమని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోమని చేత్తో సైగ చేసేది. మూత రెండు వేళ్ళతో బోర్లా పట్టుకుని, కదలకుండా నిలబడేది. చర్చి మనిషి కదా, ప్రార్థన చేస్తోందనుకునేదాన్ని. ఒకసారి అడిగితే "ప్రార్థనేటి! మూత కింద పడిపోతాదేమోనని చూస్తన్నాను" అంది.

భిలాయి-3 అనే పేట వైపు ఒక బస్తీ ఉంది. దాని పక్కన పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు ఒకటి ఉండేది. బ్యాటరీల్లో సీసం ఉంటుంది, ఆ సీసం నీళ్ళలో కలిస్తే పిల్లలకి విషం. బోరుపంపు నీళ్ళు తేడాగా ఉన్నాయనీ, పిల్లలకి కడుపునొప్పులు వస్తున్నాయనీ బస్తీ ఆడవాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పరీక్షకి ఒప్పించారు. ఆ పని మా ల్యాబ్‌కి వచ్చింది. ఆడవాళ్ళని వెంటేసుకుని తిరిగిన ఆవిడని మేం బాయి అని పిలిచేవాళ్ళం. గొంతు లేస్తే రోడ్డు అవతలికి వినబడే మనిషి.

విశ్వకర్మ పూజ మర్నాడు వెళ్ళి బస్తీలో ఉన్న పంపులన్నిట్లో నీళ్ళు పట్టుకొచ్చాం. పరీక్ష చేసింది నేనే. ప్రతి పంపులోనూ సీసం వచ్చింది. షెడ్డు పక్కదాంట్లో మరీ ఎక్కువ. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. దొరికాడ్రా బాబూ అనుకున్నాను. కాగితం పట్టుకుని అత్త దగ్గరికి దాదాపు పరిగెత్తాను.

అత్త పంపుల వైపు చూడలేదు. వేలు కిందికి జరుపుకుంటూ చివరి వరుసకి వెళ్ళింది. ఉత్త నీళ్ళ బాటిల్. అందులోనూ సీసం.

"ఇది చెల్లదు" అంది.

"షెడ్డు పక్కదాంట్లో ఇంత ఉంది కదా మేడమ్? అది అబద్ధమెలా అవుతుంది?"

"అబద్ధమని నేనన్లేదు. తెల్దంటన్నాను. మనది ఎంతో, పంపుది ఎంతో తెల్దు."

మా సార్‌కి ఇది అస్సలు మింగుడుపడలేదు. కొత్త రాష్ట్రంలో కొత్త ల్యాబ్, ఇలాంటి రిపోర్టు ఒకటి బయటికి వెళ్తే పదిమంది నోళ్ళలో పేరు నానుతుంది. "మేడమ్, ఏక్ లైన్ హటా దీజియే, బస్" అన్నాడు. ఒక్క వరుస తీసేస్తే సరిపోతుందట. ఆయన చెడ్డవాడేమీ కాదు, బస్తీవాళ్ళకి మంచే జరుగుతుందనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. అత్త మాత్రం "ఆ వరుస తీసేస్తే నా సంతకం కూడా తీసేయండి" అంది హిందీలో, చాలా మర్యాదగా. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బాయి వచ్చింది, వెనకాల ఇంకొందరు ఆడవాళ్ళతో. రిపోర్టు ఇవ్వలేనని, మళ్ళీ నీళ్ళు పట్టాలని అత్త చెప్పింది. బాయి "తుమ్ భీ బిక్ గయీ క్యా దీదీ?" అంది. నువ్వూ అమ్ముడుపోయావా అని. ల్యాబ్ అంతా వినబడేలా.

అత్త ముఖం ఎర్రబడింది. అయినా కూర్చోమని కుర్చీ లాగింది. బాయి కూర్చోలేదు. "ఆ నీళ్ళు తాగొచ్చా, వద్దా? అదొక్కటీ చెప్పు" అని నిలదీసింది. తాగమనడానికి లేదు, తాగొద్దని కాగితం రాసివ్వడానికీ లేదు. చివరికి "రిపోర్టు ఇవ్వలేను. నీళ్ళు ఇవ్వగలను" అంది.

ఆ సాయంత్రం మా వీధిలో ఉన్న ప్లాస్టిక్ క్యాన్లన్నీ అత్త ఇంటి కుళాయి దగ్గర చేరాయి. మావయ్య లుంగీ ఎగ్గట్టి నింపుతుంటే, మేం జీపులోకి ఎక్కించాం. మళ్ళీ పరీక్ష అయ్యేదాకా రోజూ అదే పని. వీధిలో కొందరు సణిగారు, కుళాయి వచ్చేదే కాసేపు కదా. బాయి క్యాన్లు దింపుకునేది గానీ మాతో మాట్లాడేది కాదు.

ఈ మధ్యలో ఆ సీసం ఎక్కడిదో పట్టుకోవాలి. అత్త పద్ధతి అత్తదే. ముందు శుద్ధమైన నీళ్ళు చేయించింది, అందులో ఏమీ లేదు. కడిగిన బాటిళ్ళు చేయించింది, ఏమీ లేదు. ఇక మిగిలింది ఫీల్డుకి తీసుకెళ్ళే చిన్న యాసిడ్ సీసా. ప్రతి నమూనాలోనూ, ఉత్త నీళ్ళలోనూ చుక్కలు పడింది అందులోంచే. అది చేస్తే మిషను మీద ముల్లు ఎగిరిపోయింది. అత్త ఆ సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూసింది. మూత అంచున, మెడ చుట్టూ, నారింజరంగు మరక.

సిందూరం.

విశ్వకర్మ పూజంటే భిలాయిలో చెప్పేదేముంది. ప్లాంటు దగ్గర్నుంచి పంక్చరు కొట్టు దాకా ప్రతి పనిముట్టుకీ బొట్టు పడుతుంది. మా ల్యాబ్‌లో పూజ చేసేది భయ్యా. నెయ్యితో కలిపిన సిందూరం త్రాసుకి పెట్టాడు, మిషన్లకి పెట్టాడు, జీపుకి పెట్టాడు. రోజూ మనతో బయటికొచ్చేది ఇదే కదా, దీనికి పెట్టకపోతే ఎలా అని ప్రేమగా యాసిడ్ సీసాకీ పెట్టాడు. కొన్ని రకాల సిందూరంలో సీసం ఉంటుంది. ఆయన కొన్న పొట్లంలో ఉంది. అత్త మిగిలిన పొట్లం తెప్పించి చేయించింది కూడా.

కారణం దొరికింది కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను. అత్త మాత్రం కుర్చీలో కూలబడింది. ఆరోజు ఆవిడ నన్ను మొదటిసారి ల్యాబ్‌లో కూడా వీధిలో పిలిచినట్టే పిలిచింది.

"ఒలే, ఇప్పుడేటి చెయ్యడం? చర్చికెళ్ళే మనిషిని. నేను సిందూరం అంటే, సీసం అని ఎవరికి వినబడతాదే? పూజ మీద పడిందంటారు."

"ఏదో కలిసిందని రాసేయండి మేడమ్. ఏం కలిసిందో ఎవరడుగుతారు?"

"బాయి అడుగుతాది" అంది. "అడగాల కూడాను."

మర్నాడు భయ్యాని పిలిచింది. తలుపేసి నిందించడం, నీతులు చెప్పడం ఏమీ లేదు. శుభ్రమైన దూది ఇచ్చి, నీ చేత్తోనే ఆ మరక తుడిచి ఇవ్వమంది. ఆయన కళ్ళముందే నాచేత పరీక్ష చేయించింది. ముల్లు ఎగరడం ఆయన చూశాడు. అత్త అంది, "భయ్యా, మైఁ నహీ బోలూంగీ. ఆప్ కహేఁ తో హీ." నేనుగా చెప్పను, మీరు సరేనంటేనే అని. ఆయన వద్దని ఉంటే ఏం చేసేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడకీ తెలియదనుకుంటాను.

భయ్యా కళ్ళు తుడుచుకుని, "పూజా మైఁ నే కీ థీ దీదీ. బోలూంగా భీ మైఁ హీ" అన్నాడు. పూజ చేసింది నేను, చెప్పేదీ నేనే అని.

ఆ సాయంత్రం నీళ్ళ క్యాన్లతో పాటు ఆయనా బస్తీలో దిగాడు. పంపు దగ్గర ఆడవాళ్ళందరి ముందు వాళ్ళ ఛత్తీస్‌గఢీలోనే జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరో నవ్వారు, ఎవరో దేవుడి మీదికి తోస్తున్నారని గొణిగారు. బాయి మాత్రం సిందూరం గురించి ఒక్క మాటా అనలేదు. అత్తని ఒకటే అడిగింది, ఆ ఉత్త నీళ్ళ బాటిల్ మాట మీద మా పిల్లల్ని ఇన్నాళ్ళు ఆగమన్నావా అని. అత్త అవునంది. అదెలా చేస్తారో చూపించమంది బాయి.

అక్కడే మూత తీసి చూపించింది అత్త. ఎందుకు మాట్లాడకూడదో, కొంగు ఎందుకు అడ్డం పెట్టుకోవాలో మొదట్నుంచీ చెప్పింది. కొత్త బాటిళ్ళు, కొత్త యాసిడ్, మళ్ళీ నమూనాలు. ఈసారి ఉత్త నీళ్ళలో ఏమీ రాలేదు. దూరం పంపుల్లోనూ ఏమీ రాలేదు. షెడ్డు పక్క పంపులో మాత్రం వచ్చింది, గట్టిగా. నాకు నచ్చిన నంబరు కనుక ఇంకోసారి చేశాను.

రిపోర్టు వెళ్ళాక షెడ్డువాళ్ళు ఒక కెమిస్టుని పంపారు. ఆయన వచ్చి కూర్చుని మొట్టమొదట అడిగింది ఉత్త నీళ్ళ బాటిల్ గురించే. అత్త కాగితం ఆయన వైపు తిప్పింది. ఆయన చదివి, టీ తాగి, వెళ్ళిపోయాడు. మొదటి రిపోర్టే వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకప్పుడు తెలిసింది. దూరం పంపుల్లో ఎవరు మళ్ళీ చేసినా సీసం రాదు. ఇదంతా తప్పుడు రిపోర్టేనని మొత్తం చెత్తబుట్టలో పడేసేవాళ్ళు, షెడ్డు పక్క పంపుతో సహా. చివరికి ఆ పంపు మూసేశారు, బస్తీకి పైపు నీళ్ళొచ్చాయి. మిగతా పంపులకి ఏడాదికి కొన్నిసార్లు పరీక్ష చేయాలని ఆఫీసువాళ్ళు రాశారు, ఆ పనీ మాకే వచ్చింది.

బాయి క్షమాపణలేమీ చెప్పలేదు. ఒకరోజు సంచినిండా లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర, తెచ్చి అత్త బల్ల మీద పెట్టింది. అత్త దాన్ని చూసి, "ఏ పంపు నీళ్ళతో పెంచావు?" అని అడిగింది. బాయి పగలబడి నవ్వింది. అంతే, సరిపోయింది.

అత్తకి మాత్రం అంత తేలిగ్గా సరిపోలేదు. క్యాన్లు వెళ్ళని ఇంట్లో, ఆ మధ్య రోజుల్లో, ఏ పిల్లైనా ఆ పంపునీళ్ళు తాగి ఉంటే అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. "నువ్వు చేసింది కరెక్టే కదా అత్తా" అంటే, "కరెక్టే. అయినా తాగుంటాదే ఎవతో ఒకర్తి" అనేది.

పూజ ఆగలేదు. ఆపమని అత్త అనలేదు, అననివ్వలేదు కూడా. మరుసటి ఏడు పూజకి ముందు భయ్యా తనే సిందూరం బదులు చిన్న గిన్నెలో గంధం తీసుకొచ్చి "దీదీ, టెస్ట్ కర్ దీజియే" అన్నాడు. అత్త నాచేత చేయించి, ఏమీ లేదని రాయించింది. అప్పట్నుంచీ అది మా ల్యాబ్ ఆచారమైపోయింది. విశ్వకర్మకి పెట్టే గంధం ముందు మా దగ్గర పాసవ్వాలి. అత్త వెనక వరుసలో నిలబడేది, ప్రసాదం తీసుకునేది, చేతులు కడుక్కునేది.

ఈమధ్య ఒక ఉదయం వంటింట్లో పడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రోజూ వెళ్ళాను. మాట సరిగా రాలేదు, కుడిచెయ్యి లేవలేదు. ఒకరోజు నర్సు రక్తం తీసి ట్యూబు ట్రేలో పెట్టబోతుంటే అత్త ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. ఏం కావాలో నర్సుకి అర్థం కాలేదు, మావయ్యకీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "లేబుల్ ఇప్పుడే రాసేస్తారు అత్తా" అన్నాను. నర్సు నవ్వి అక్కడే పేరు రాసి చూపించింది. అప్పుడు వదిలింది చెయ్యి.

సమాధుల తోటలో ఎండ బాగా ఉంది. పాస్టరుగారి మైకు మధ్యమధ్యలో కుయ్యిమంటోంది. నాకు అలాంటివే కనబడ్డాయి, వినబడ్డాయి. అందరూ మట్టి వేశారు, నేనూ వేశాను. భయ్యా నుదుటి బొట్టుతోనే వచ్చి, చెప్పులు విప్పి, మట్టి వేసి, పక్కకెళ్ళి కూర్చుని ఏడ్చాడు. మా అమ్మ ఏడ్చింది. మావయ్య నా దగ్గరికొచ్చి, "నువ్వు తిన్నావేటమ్మా పొద్దున్నుంచి?" అని అడిగాడు. తిన్నానన్నాను. ఏం తిన్నానో గుర్తులేదు.

తర్వాతి వారం బస్తీ పంపుల వంతు వచ్చింది. నేను బాటిళ్ళు సర్ది, ఉత్త నీళ్ళ బాటిల్ నింపి, మూత బిగించి బయటికి తెచ్చాను. ఐస్ పెట్టెలో పెట్టబోతుంటే భయ్యా నా చేతిలోంచి తీసుకుని ముందు సీట్లో, కిటికీ పక్కన పెట్టాడు. దొర్లిపోకుండా తువ్వాలు చుట్టాడు. నేను వెనక కూర్చున్నాను.

పంపు దగ్గర భయ్యా నీళ్ళు వదులుతుంటే నేను ఉత్త నీళ్ళ బాటిల్ మూత తీశాను. మూత రెండు వేళ్ళతో బోర్లా పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ పని నేను చేయడం అదే మొదటిసారి. జీపు చూసి బాయి ఇంట్లోంచి వస్తోంది. ముందు సీటు వైపు చూసింది, నావైపు చూసింది.

"దీదీ నై ఆయిస్ కా?" అంది దూరంనుంచే. దీదీ రాలేదా అని.

నేను భయ్యా వైపు చూశాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఆకాశం వైపు చెయ్యి చూపించాడు.

బాయి ఆగిపోయింది. నోరు తెరిచింది. రోడ్డు అవతలికి వినబడే ఆ గొంతు వచ్చేస్తుందనే అనుకున్నాను. రాలేదు. నా చేతిలో మూత తీసిన బాటిల్ చూసి, రెండడుగులు వెనక్కి వేసి, కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఊపిరి తగలకుండా ముఖం పక్కకి తిప్పుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. నేను యాసిడ్ చుక్కలు వేశాను, మూత పెట్టాను, బిగించాను.

మూత బిగుసుకున్నాక బాయి కొంగు తీసేసి, నేలమీద కూలబడి, పెద్దగా ఏడ్చింది.

నేను లేబుల్ రాశాను.